ఉపగ్రహ నిఘా ఒప్పందాలపై మన ఎంపీ చేత ప్రశ్న వేయించడం ఎలా

పదవీ విరమణ తరువాత, హనుమకొండలో ఆదివారం పూట గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదువుకునే పిల్లలతో కూర్చొని పాలిటీ పాఠాలు చెప్పడం నాకు అలవాటైంది. ఒకసారి వాళ్లంతా కలిసి, మన దేశానికీ అమెరికాకూ మధ్య జరిగే ఉపగ్రహ చిత్రాల మార్పిడి గురించి లోక్‌సభలో ప్రశ్న వేయిద్దామని ముచ్చటపడి, అరపేజీ రాసి ఒక ఎంపీ కార్యాలయానికి పంపారు. ఇప్పటివరకు ఇచ్చిపుచ్చుకున్న చిత్రాలు ఎన్ని, అవి ఏ ప్రాంతాలవి, చైనా సరిహద్దులో వాటిని ఎట్లా వాడారు అన్నది ఆ ప్రశ్న సారాంశం. మూడో రోజు పీఏ ఫోన్ చేసి, "ఇది పోదు సార్, పంపినా వాపస్ వస్తది" అని మర్యాదగానే చెప్పాడు. ఆయన మాట నిజమే. ఆ కాగితం చేతిలో పట్టుకొని ఒక అమ్మాయి, "పెట్టెల ఏమున్నదో చెప్పనప్పుడు ఇగ అడుగుడు దేనికి సార్?" అన్నది. పెట్టెలో ఏమున్నదన్న జోలికి పోకుండానే, దానికి తాళాలు ఎన్ని, అవి ఎవరెవరి దగ్గర ఉన్నాయి, తెరిచిన ప్రతిసారీ లెక్క రాసే పుస్తకం ఉన్నదా లేదా అని నిక్షేపంగా అడగవచ్చునని ఆమెకు చెప్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఆ పాఠాన్నే ఇక్కడ కొంచెం కుదించి రాస్తున్నాను.

ముందు ఆ వస్తువును చూడాలి

ప్రశ్న రాసే ముందు, మార్పిడి అయ్యేది ఏమిటో ఒకసారి కళ్లతో చూడటం మంచిది. ఇస్రో వారి భువన్ పోర్టల్ 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నది. అందులో భద్రకాళి చెరువును వెతికి దగ్గరకు జరుపుకుంటూ పోతే కట్ట కనిపిస్తుంది, రోడ్లు కనిపిస్తాయి, ఒక హద్దు దాటిన తరువాత బొమ్మ మసకబారుతుంది. 2019 నవంబరు 27న ప్రయోగించిన కార్టోశాట్-3 ఉపగ్రహం తీసే నలుపు తెలుపు చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద సుమారు 25 సెంటీమీటర్లకు సమానం. హనుమకొండ చౌరస్తాలో ఆగిన 11 మీటర్ల ఆర్టీసీ బస్సు ఆ చిత్రంలో పొడవున 44 చుక్కలుగా పడుతుంది. దాని పక్కన నిలబడ్డ మనిషి భుజాల వెడల్పుకు రెండు చుక్కలు దక్కుతాయి. బస్సును బస్సుగా గుర్తుపట్టవచ్చు గాని, మనిషిని ఊహించుకోవలసిందే.

ఆ ఊహించే పని చేసేవారు విశ్లేషకులు. అసలు రహస్యం చాలాసార్లు బొమ్మలో కంటే, వారు దాని కింద రాసిన వ్యాఖ్యలోనూ, ఏ రోజు ఏ గంటకు ఏ చోటు మీదికి కెమెరా తిప్పారన్న వివరంలోనూ ఉంటుంది. 2003 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో ఉపగ్రహ చిత్రాలు చూపి, ఇరాక్‌లో రసాయన ఆయుధాలు ఉన్నాయనడానికి అవి ఆధారమన్నాడు. బొమ్మల్లో కట్టడాలు, వాహనాలు నిజంగానే ఉన్నాయి. యుద్ధం తరువాత వెతికితే ఆయుధ నిల్వలు మాత్రం దొరకలేదు. మిత్రదేశం ఇచ్చిన చిత్రాన్ని మన విశ్లేషకులు మళ్లీ సొంతంగా పరిశీలించే పద్ధతి ఉన్నదా అని పార్లమెంటు అడగవలసిన అవసరం ఇక్కడే పుడుతున్నది. దానికి జవాబు చెప్పడం వల్ల ఏ రహస్యమూ బయటపడదు.

ఉపగ్రహ సమాచారం అంతా రహస్యం కాదు కూడా. 2025 జూలై 30న ఇస్రో, నాసా కలిసి ప్రయోగించిన నైసార్ ఉపగ్రహం పంపే సమాచారం పౌర అవసరాలకు, పరిశోధనకు ఉద్దేశించినది. దాన్నీ, సైనిక నిఘా చిత్రాలనూ ఒకే గాటన కట్టి ప్రశ్న రాస్తే మంత్రి నైసార్ గురించి రెండు పేరాల మంచి మాటలు చెప్పి కూర్చుంటారు. కాబట్టి ఒప్పందం పేరు, తేదీ స్పష్టంగా రాయాలి. అమెరికాతో మనకు ఉన్నవాటిలో సైనిక సమాచార గోప్యతకు సంబంధించిన జీసోమియా 2002 నాటిది. రవాణా, సరఫరాల ఒప్పందం లెమోవా 2016లోనూ, సమాచార సంబంధాల భద్రతకు చెందిన కామ్‌కాసా 2018లోనూ వచ్చాయి. మన విషయానికి నేరుగా తగిలేది బెకా, అంటే భౌగోళిక సమాచార మార్పిడికి సంబంధించిన ప్రాథమిక ఒప్పందం. దీన్ని 2020 అక్టోబరు 27న న్యూఢిల్లీలో, రెండు దేశాల రక్షణ, విదేశాంగ మంత్రుల సమావేశం సందర్భంగా చేసుకున్నారు. పటాలు, సముద్ర, వైమానిక చార్టులు, భూమి ఆకృతికీ గురుత్వాకర్షణకూ సంబంధించిన కొలతలు, ఉపగ్రహ చిత్రాలు దీని కిందికి వస్తాయి. ఇందులో ఎక్కువ భాగం రహస్యం కాని సమాచారమే అయినా, రహస్య సమాచారం ఇచ్చుకోవడానికి కూడా ఇందులో వీలున్నది.

ఇంకో మాట. మనకు అమెరికాతో సైనిక కూటమి ఒప్పందం లేదు. 2016లో వారు మనకు ప్రధాన రక్షణ భాగస్వామి అన్న హోదా ఇచ్చారు. ప్రశ్నలో మిత్రకూటమి అని రాస్తే ఆ పదం దగ్గరే జవాబు తెగిపోతుంది. భాగస్వామ్య దేశం అని రాయండి.

మూడో చేతికి ఇవ్వకూడదన్న షరతు

ఈ వ్యవహారంలో పార్లమెంటులకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి, సొంత ప్రభుత్వ గోప్యత కంటే, సమాచారం ఇచ్చిన దేశం పెట్టే షరతు. తాను ఇచ్చినదాన్ని తన అనుమతి లేకుండా మరొకరికి చూపకూడదన్నది నిఘా సంస్థల మధ్య పాత ఆచారం. ఆ మరొకరు అనే మాటలోకి శత్రుదేశమే కాదు, సమాచారం పుచ్చుకున్న దేశపు పార్లమెంటు సభ్యుడు కూడా వస్తాడు. ఇది మన దగ్గర చాలామందికి తట్టని సంగతి. చేబదులు తెచ్చుకున్న నగ పెళ్లిలో పెట్టుకోవచ్చు గాని, కంసాలికి చూపించి తూకం వేయించరాదని ఇచ్చినామె మాట తీసుకున్నట్లు ఉంటుంది.

జర్మనీలో ఇది కోర్టు దాకా పోయింది. అమెరికా సంస్థ ఎన్‌ఎస్‌ఏ కోరిక మీద జర్మన్ నిఘా సంస్థ ఎవరెవరి సంభాషణల మీద కన్ను వేసిందో తెలిపే జాబితాను తమకు చూపాలని 2014లో ఏర్పడిన పార్లమెంటు విచారణ సంఘం కోరింది. అమెరికా ఒప్పుకోలేదు కాబట్టి ఇవ్వలేమన్నది ప్రభుత్వం. 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వం వైపే మొగ్గింది. అయితే ఆలోగానే ప్రభుత్వం ఒక మధ్యేమార్గం వెతికింది: కుర్ట్ గ్రౌలిష్ అనే మాజీ న్యాయమూర్తిని నియమించి, జాబితాను ఆయనకు చూపించి, ఆయన నివేదికను సంఘానికి ఇచ్చింది. ఇందులో లోటుపాట్లు ఉన్నాయి. ఆయనను ఎంచుకున్నది, తనిఖీ జరగవలసిన ప్రభుత్వమే. అయినా పెట్టె మూత తీయకుండా తనిఖీ చేయించడానికి ఒక దారి ఉన్నదని ఇది చూపుతున్నది. మన ఎంపీలు ఇలాంటి ఏర్పాటు గురించి సూచనగా అడగవచ్చు.

ఉపగ్రహాల విషయంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఆస్ట్రేలియాలోని పైన్ గ్యాప్. అక్కడి ఎడారిలో అమెరికా ఉపగ్రహాలకు నేల మీది కేంద్రం ఉన్నది. దాని ఒప్పందం 1966 నాటిది. 1999లో ఆ ఒప్పందాన్ని పొడిగించేటప్పుడు, ఆస్ట్రేలియా పార్లమెంటు ఒప్పందాల కమిటీ కేంద్రం పనితీరుపై రహస్యంగా వివరణ కోరితే ప్రభుత్వం నిరాకరించింది. సొంత గడ్డ మీద ఉన్న కేంద్రం గురించి అమెరికా కాంగ్రెస్ సభ్యులకు తెలిసినంత కూడా తమకు తెలియనివ్వడం లేదని కమిటీ తన నివేదికలోనే ఆక్షేపించింది.

ఆ ఆక్షేపణను మనం పనిముట్టుగా వాడుకోవచ్చు. అమెరికాలో 1972లో చేసిన కేస్ చట్టం ప్రకారం, ప్రభుత్వం చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందాల పాఠాలను కాంగ్రెస్‌కు పంపాలి. బయటపెడితే భద్రతకు ముప్పు ఉన్నవాటిని విదేశీ వ్యవహారాల కమిటీలకు మాత్రమే, గోప్యత షరతుతో పంపాలి. అటువైపు చట్టసభకు అందే కాగితం ఇటువైపు చట్టసభ కమిటీకి ఎందుకు అందకూడదు అన్న ప్రశ్నకు భద్రత పేరు చెప్పి జవాబు తప్పించుకోవడం కష్టం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికంటే గట్టి ప్రశ్న ఇదే.

రెండో గట్టి ప్రశ్న ఆధారపడటం గురించి. 2025 మార్చి మొదటి వారంలో అమెరికా ఉక్రెయిన్‌కు నిఘా సమాచారం ఇవ్వడం ఆపేసింది. అమెరికా ప్రభుత్వ కార్యక్రమం ద్వారా ఉక్రెయిన్‌కు అందుతున్న మాక్సార్ కంపెనీ వాణిజ్య ఉపగ్రహ చిత్రాలు కూడా దానితో పాటు ఆగాయి. 11వ తేదీన జెద్దా చర్చల తరువాత మళ్లీ ఇచ్చారు. వారం రోజుల లోపు ముచ్చటే, కాని యుద్ధం మధ్యలో. బయటి సమాచారం ఉన్నట్టుండి ఆగితే మన సొంత ఏర్పాట్లు ఏమిటని మంత్రిని అడగడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న రాయడం

మన రాజ్యాంగంలో విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం కేంద్ర జాబితాలోని 14వ అంశం. 73వ అధికరణ కింద కార్యనిర్వాహక వర్గమే ఆ పని చేయవచ్చు. ముందుగా పార్లమెంటు ఆమోదం తీసుకోవాలన్న నియమం లేదు. ఒప్పందం అమలుకు చట్టం అవసరమైతే 253వ అధికరణ కింద పార్లమెంటు చేస్తుంది. నిఘా సంస్థలను పర్యవేక్షించే ప్రత్యేక పార్లమెంటరీ సంఘం కూడా మనకు లేదు. బ్రిటన్‌లో 1994 చట్టంతో తొమ్మిదిమంది సభ్యుల కమిటీ వచ్చింది. మన దగ్గర 2010లో అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ అలాంటిది కావాలని బహిరంగంగా అన్నారు, 2011లో మనీశ్ తివారీ ప్రైవేటు మెంబరు బిల్లు తెచ్చారు, అది చట్టం కాలేదు. కాబట్టి ఉన్న పనిముట్లతోనే పని జరుపుకోవాలి. వాటిలో మొదటిది ప్రశ్న. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలన్న 75వ అధికరణ దానికి వెన్నుదన్ను.

లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు. అందులో వాదన, ఊహ, ఎత్తిపొడుపు, ఎవరిమీదనైనా ఆరోపణ ఉండకూడదు. ఇదివరకే జవాబు వచ్చిన ప్రశ్నను తిరగేసి అడగకూడదు, కాబట్టి ముందు సంసద్ వెబ్‌సైటులో ఒప్పందం పేరు కొట్టి పాత జవాబులన్నీ చదవాలి. ఇందుకు ఒక సాయంత్రం పడుతుంది గాని, ఆ పాత జవాబులే మీ కొత్త ప్రశ్నకు ముడిసరుకు. నోటీసుకు 15 పూర్తి రోజుల వ్యవధి ఉండాలి. సమావేశాల తేదీలు ప్రకటించిన తరువాత ఎంపీల దగ్గర తోపులాట మొదలవుతుంది. అందుకని బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాలకు నెల ముందే ముసాయిదా వారి చేతిలో ఉండాలి. రోజుకు 20 ప్రశ్నలకు సభలో నోటిమాటగా జవాబు వస్తుంది, వాటిని నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలంటారు. మరో 230 ప్రశ్నలకు రాతలో వస్తుంది. మన విషయానికి రాతపూర్వక జవాబే నయమని నా అభిప్రాయం. సభలో గందరగోళం లేచినా అది రికార్డులో ఉంటుంది.

ఏ మంత్రిని అడగాలన్నది సగం పని. ఒప్పందం అమలు రక్షణ శాఖది, ఒప్పంద పాఠం విదేశాంగ శాఖది, ఉపగ్రహాలు అంతరిక్ష విభాగానివి. షాద్‌నగర్‌లో ఉపగ్రహ సంకేతాలను అందుకునే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కేంద్రం ఈ అంతరిక్ష విభాగం కిందిదే. 2004లో ఏర్పడిన సాంకేతిక నిఘా సంస్థ ఎన్‌టీఆర్‌ఓ మాత్రం ప్రధానమంత్రి కార్యాలయ వ్యవస్థలోకి వస్తుంది. దాని పేరు రాస్తే జవాబు రానట్లే అనుకోవచ్చు. మా పిల్లల ప్రశ్న చివరికి ఈ రూపానికి వచ్చింది:

"రక్షణ మంత్రి దయచేసి తెలియజేయగలరా: (అ) 2020 అక్టోబరు 27న సంతకమైన బెకా ఒప్పందం అమలును సమీక్షించే యంత్రాంగం ఏదైనా ఉన్నదా; (ఆ) ఉన్నట్లయితే, అది ఎంత కాలానికొకసారి సమావేశం కావాలని నిర్దేశించారు; (ఇ) ఒప్పంద పాఠాన్ని పూర్తిగా గాని, గోప్య భాగాలు మినహాయించి గాని, సంబంధిత పార్లమెంటరీ స్థాయీ సంఘానికి అందజేశారా, లేనట్లయితే కారణాలేమిటి; (ఈ) భాగస్వామ్య దేశం నుంచి అందిన చిత్రాలను స్వతంత్రంగా సరిచూసుకునే విధానం నిర్దేశించారా?"

ఇందులో ఒక్క చిత్రం గురించి గాని, ఒక్క ప్రాంతం గురించి గాని అడగలేదని గమనించండి. (ఇ) భాగంలోని "గోప్య భాగాలు మినహాయించి" అన్న మూడు మాటల మీద మేము ఒక పూట వాదులాడుకున్నాం. అవి లేకపోతే మంత్రికి "భద్రతా కారణాల రీత్యా లేదు" అనే వెసులుబాటు దొరుకుతుంది. ఇంతచేసినా ప్రశ్న బ్యాలెట్‌లో, అంటే ఏ ప్రశ్నలు తీసుకోవాలో తేల్చే లాటరీలో, రావాలి. మాది రెండుసార్లు రాలేదు. వరంగల్ ఎంపీ ఒక్కరినే నమ్ముకోనక్కరలేదు. తెలంగాణకు లోక్‌సభలో 17 మంది, రాజ్యసభలో ఏడుగురు ఉన్నారు, రాజ్యసభలో పోటీ కొంత తక్కువ.

జవాబు వచ్చిన తరువాత

జవాబును రెండు రంగుల పెన్నులతో చదవాలి. "దేశ భద్రతా ప్రయోజనాల దృష్ట్యా" అన్న మాట ఏ భాగానికి వచ్చిందో ఒక రంగుతో, "(అ) నుంచి (ఈ) వరకు" అని నాలుగింటినీ ఒకే ముద్దగా చేసిన చోటు ఇంకో రంగుతో గీయండి. ముద్దచేసిన జవాబులో ఏదో ఒక భాగం జారిపోయి ఉంటుంది. తరువాతి ప్రశ్న దాని మీద ఒక్కదాని మీదే వేయాలి. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని వస్తే నిరాశపడనవసరం లేదు. అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల సంఘం దాన్ని పట్టుకుంటుంది, మూడు నెలల్లో నెరవేర్చవలసి ఉంటుంది. సూటి జవాబు కంటే ఒక్కోసారి ఇదే ఎక్కువ పని చేస్తుంది.

స్థాయీ సంఘం దగ్గరికి

ఒక్కో శాఖ పనినీ ఖర్చునూ పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాల పద్ధతి 1993లో, పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా వచ్చింది. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, రెండుసార్లు హనుమకొండ లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన మనిషి కాలంలో వచ్చిన ఏర్పాటు గురించి మన దగ్గర చాలామందికి తెలియకపోవడం నాకు వింతగా ఉంటుంది. అప్పుడు 17 సంఘాలు, 2004 నుంచి 24. ఒక్కోదానిలో 31 మంది సభ్యులు, 21 మంది లోక్‌సభ నుంచి, పదిమంది రాజ్యసభ నుంచి. రక్షణ, విదేశాంగ సంఘాల్లో తెలంగాణ సభ్యులెవరైనా ఉన్నారేమో ముందు చూసుకోండి. సంఘాలు ఏటా మళ్లీ ఏర్పడతాయి.

సంఘం తలుపులు మూసుకొని కూర్చుంటుంది కాబట్టి సభలో చెప్పలేనిది అక్కడ చెప్పవచ్చుననుకుంటాం. కొంతవరకు నిజమే. కాని రోజువారీ పరిపాలన జోలికి సంఘం పోకూడదన్న నిబంధన ఉన్నది. పైగా దేశ భద్రతకు, ప్రయోజనాలకు భంగమని చెప్పి కాగితం ఇవ్వకుండా ఉండే అధికారం ప్రభుత్వానికి 270వ నిబంధన ఇస్తున్నది. కాబట్టి వినతిపత్రంలో ఫలానా నిఘా చర్య గురించి రాయకుండా, విధానం గురించీ, డబ్బు గురించీ రాయాలి. బడ్జెట్ తరువాత శాఖల ఖర్చు పద్దులను సంఘం పరిశీలించే వారాలే అందుకు సరైన సమయం. పూర్తి సభను రహస్యంగా సమావేశపరచడానికి 248వ నిబంధన ఉన్నది గాని, అది సభా నాయకుడు కోరితేనే. 1962 చైనా యుద్ధ సమయంలో రహస్య సమావేశం కోరితే నెహ్రూ ఒప్పుకోలేదు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

సమాచార హక్కు దరఖాస్తు అన్నింటి తరువాత వేయాలి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఎన్‌టీఆర్‌ఓ, విదేశీ నిఘా సంస్థ 'రా' రెండూ సమాచార హక్కు చట్టంలోని రెండో షెడ్యూలులో ఉన్నాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప వాటికి దరఖాస్తు పనిచేయదు. అంతరిక్ష విభాగం ఆ షెడ్యూలులో లేదు. విదేశీ ప్రభుత్వం నమ్మకం మీద ఇచ్చిన సమాచారానికి అదే చట్టంలోని సెక్షను 8(1)(ఎఫ్) అడ్డం వస్తుంది, భద్రతకు 8(1)(ఎ). అందువల్ల దరఖాస్తులోనే, గోప్య భాగాలను పదో సెక్షను కింద విడదీసి మిగతాది ఇవ్వమని రాయండి. ఆ వాక్యం లేకపోతే అధికారి మొత్తాన్ని ఒకే మాటతో తోసిపుచ్చుతాడు. సంఘం సాక్ష్యాలు మాత్రం నివేదిక సభకు వచ్చేదాకా అడగవద్దు, అది సభా హక్కుల ఉల్లంఘన కిందికి పోతుంది. మొదటి అప్పీలుకు 30 రోజులు, ఆపైన కేంద్ర సమాచార కమిషన్‌కు 90 రోజుల గడువు ఉంటుంది.

తిరస్కరణ వచ్చినా ఆ కాగితం పారేయకండి. ప్రశ్న నంబరు, జవాబు తేదీ, దరఖాస్తు సంఖ్య, ఏ సెక్షను చూపి నిరాకరించారన్నది, అన్నీ ఒకే ఫైలులో తేదీల వరుసన కుట్టండి. ఒకే విషయానికి పార్లమెంటులో ఒక కారణం, దరఖాస్తుకు ఇంకో కారణం చెప్పి ఉంటే, ఆ రెండు కాగితాలను పక్కపక్కన జిరాక్స్ తీసి, తరువాతి సమావేశాల ముసాయిదాకు జతచేసి ఎంపీ పీఏకు ఇవ్వండి.